ఫొటోలో పడిన టోపీ

రోజూ తెల్లారేసరికి డోరీన్ ఉప్పు సరస్సు మీద ఉండేది. భుజాన కెమెరా, చేతిలో చీపురు. నాలుగడుగులు వెయ్యడం, వెనక్కి తిరిగి ఆ జాడ ఊడ్చెయ్యడం. ఆవిడ ఫొటోల్లో మనిషి ఉండకూడదు, మనిషి జాడా ఉండకూడదు.

"అత్తగారిల్లయినా ఇంత శుభ్రంగా ఊడ్చేదానివి కాదు!" అని ఏడిపించేవాడు పెట్రోలు బంకు దగ్గర కొట్టు నడిపే క్లైవ్.

ఆవిడకు అత్తగారిల్లే లేదు. నవ్వేసి బ్రెడ్డు తీసుకునేది. టీ తాగి పొమ్మంటే, "వెలుతురు పోతుంది క్లైవ్" అనేది. పదేళ్లుగా అదే మాట.

ఆవిడ ఇచ్చిన సరస్సు ఫొటో ఆ కొట్టు గోడకు ఉండేది. సరస్సు మీద వాన పడితే ఫొటోలోనూ పడేది. క్లైవ్ కింద బాల్చీ పెట్టేవాడు. లారీ డ్రైవర్లు అందులో మబ్బు చూసుకుని బయల్దేరేవాళ్లు.

ఆ మంగళవారం కాలికింద ఉప్పు పొర విరిగింది. డోరీన్ నడుము దాకా నల్ల బురదలో దిగబడింది. కదిలితే ఇంకా లోపలికి. అరిచింది. ఎవరు వింటారు? బండి ఒడ్డున ఉంది, అది రోజూ ఉండేదే. ఎవరైనా జాడ పట్టుకుని వద్దామన్నా, జాడంతా తనే ఊడ్చుకుంటూ వచ్చింది. ఇంకా ఇంటికి రాలేదేమని అడిగే దిక్కూ లేదు.

ఎండ చుర్రుమంటుంటే కొట్లో ఫొటో గుర్తొచ్చింది. దాని ఎడమ అంచు పాత కంచె గుంజ దగ్గర ఆగిపోతుంది. తను గుంజకు ఇవతల. ఫొటోకు బయట, ఎప్పటిలాగే.

ఎండకు అడ్డమున్నది ఎర్ర టోపీ ఒక్కటే. అది తీసి, బలమంతా పెట్టి గుంజ అవతలికి విసిరింది. దొర్లుకుంటూ పోయి తెల్లటి ఉప్పు మీద ఆగింది.

కళ్లు తిరిగే వేళకు చెక్కలు, తాడు మోసుకుని క్లైవ్ వచ్చాడు.

"పదేళ్లలో ఆ ఫొటోలో పుల్ల పడగా చూళ్లేదు. టోపీ పడుంటే, నువ్వు బాగుంటే ఊరుకుంటావా అనుకున్నా. పట్టుకో తల్లీ, గట్టిగా!"

బయటపడ్డాక ఆవిడ చెయ్యి అలవాటుగా చీపురు కోసం వెతికింది.

"వదిలెయ్. టీ తాగుదువు గాని రా."

"వెలుతురు..." అనబోయి ఆగింది డోరీన్. "చక్కెర రెండు చెంచాలు" అంది.

కొట్లో కూర్చుని గోడకేసి చూసింది. ఫొటోలో రెండు జతల అడుగులు పక్కపక్కనే ఒడ్డు దాకా ఉన్నాయి. వాన పడేదాకా అలాగే ఉంటాయి.

ఆ ఏడు వాన కాస్త ఆలస్యంగా వస్తే బాగుండుననుకుంది.