రెండు డిస్కుల మీద షష్టిపూర్తి

మామిడికుదురులో పెళ్లిళ్లకీ పేరంటాలకీ వీడియోలు తీసే రామ్మూర్తికి 2004 వేసవిలో తన కంప్యూటరు మీద విసుగు పుట్టింది. టేపులోంచి బొమ్మను ఎక్కిస్తుంటే హార్డ్ డిస్కు ఆ వేగాన్ని అందుకోలేక మధ్యమధ్య వదిలేసేది. పెళ్లికొడుకు చెయ్యి గాల్లో ఉండగానే తాళి ముడి పడిపోయేది.

రాజమండ్రి వెళ్లి ఒకే రకం డిస్కులు రెండు తెచ్చాడు. ముందుగదిలో కంప్యూటరు విప్పి రెండింటినీ బిగించి, ఆన్ చేయగానే వచ్చే నీలం తెరలో 'స్ట్రైప్' అన్నదాన్ని ఎంచుకున్నాడు. ఇక కంప్యూటరు లెక్కలో రెండూ కలిపి ఒకటే డిస్కు. ఏ ఫైలునైనా ముక్కలు చేసి, ఒక ముక్క ఇందులో, తర్వాతి ముక్క అందులో ఒకేసారి రాసేస్తుంది. వేగం దాదాపు రెట్టింపు.

అతని భార్య లావణ్య బెండకాయలు తరుగుతూ అంతా విని, రెండింట్లో ఒకటి పోతేనో అని అడిగింది. మిగిలినదానిలో ఉండేవి ముక్కలే కనక రెండూ పోయినట్టేనని, అయినా కొత్త డిస్కు ఎందుకు పోతుందని రామ్మూర్తి కసురుకున్నాడు.

ఆ వారమే ముమ్మిడివరంలో కొబ్బరికాయల వ్యాపారి బాపిరాజుగారి షష్టిపూర్తి జరిగింది. మూడు టేపులూ ఒక్క బొమ్మ వదలకుండా ఎక్కాయి. ఆ సంబరంలో రామ్మూర్తి అవే టేపుల మీద కాట్రేనికోనలో ఒక గృహప్రవేశం తీసేశాడు.

పదో రోజున ఒక డిస్కు పళ్లు కొరికినట్టు చప్పుడు చేసి ఆగిపోయింది. రాజమండ్రిలో దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్న మెకానిక్కు, రోగి బంధువులతో మాట్లాడే డాక్టరులా తల అడ్డంగా ఊపాడు.

వీడియోకి పాటలు కలుపుతున్నానంటూ రామ్మూర్తి నాలుగు రోజులు గడిపాడు. అయిదో రోజు ముమ్మిడివరం వెళ్లి ఒప్పుకున్నాడు. బాపిరాజుగారు ఈలోగా తిరుపతి వెళ్లి గుండు చేయించుకొచ్చారు. మొత్తం విని, గుండు నిమురుకున్నారు.

"రెండిట్లో ఒకటేగా పోయింది? ఉన్న సగం ఇచ్చెయ్యి."

"సగం వీడియో కాదండీ. ప్రతి బొమ్మా సగం సగం ఉందండి."

"పోనీ నేనున్న సగం ఇయ్యి."

అది కుదరదని తెలిశాక, ఆయన వేడుకంతా మళ్లీ చేద్దామన్నారు. పంతులుగారికి కబురు పంపబోతుంటే బాపిరాజుగారి భార్య వీరాయమ్మగారు వంటింట్లోంచి వచ్చారు.

"మొదటిసారి మా నాన్నగారు పీటల మీద కూర్చోబెట్టేరు, కూర్చున్నాను. రెండోసారి పిల్లలు కూర్చోబెట్టేరు, కూర్చున్నాను. మూడోసారి ఈ అబ్బాయి డిస్కు కోసం నెత్తిన జల్లెడ పెట్టి పోసే నీళ్లకి తడవనండి."

రామ్మూర్తి మొహం చూసి ఆవిడకే జాలేసింది. కెమెరా తెచ్చావా అని అడిగారు. ఆయ్ అన్నాడు. జరిగిందంతా తనకు గుర్తుందని, చెబుతుంటే తీసుకోమని అరుగు మీద కూర్చున్నారు.

రెండు గంటలు చెప్పారు. మంత్రం మధ్యలో ఫోనొస్తే మాట్లాడిన పంతులుగారు, ఆపిన చోటు మరిచిపోయి తనకు వీలైన చోట అందుకున్నారట. మస్కట్ నుంచి వచ్చిన పెద్దల్లుడు మాణిక్యాలరావుగారు మొదటి నుంచి చివరి దాకా నిద్రపోయి, అక్షింతలు కూడా కళ్లు తెరవకుండానే వేశారట. మోకాళ్లు పట్టేసి బాపిరాజుగారు రెండే ముళ్లు వేసి మూడన్నారట.

పక్కనే నిలబడ్డ బాపిరాజుగారు అబద్ధమన్నారు. కెమెరా ఆయన వైపు తిరగగానే రెండేనని ఒప్పుకున్నారు. ఆవిడ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. ఆయనా వచ్చి పక్కన చతికిలబడ్డారు.

రామ్మూర్తి ఆ సీడీలు పది చేసి ఇచ్చాడు. చాలక ఇంకో పన్నెండు చేయాల్సి వచ్చింది. స్ట్రైప్ మాత్రం మానలేదు, ఆ వేగానికి అలవాటు పడిపోయాడు.

నెల తిరక్కుండా మాణిక్యాలరావుగారు మస్కట్ నుంచి అత్తగారికి ఫోను చేసి, తన నిద్ర సంగతి తీసేయించమని మెల్లగా అడిగారు.

"అది తీసేస్తే అందులో మీ ఊసే ఉండదు అల్లుడుగారూ, ఉంచెయ్యండి," అన్నారు వీరాయమ్మగారు.