కప్పు, దాని పిడి

"కప్పు పడిందోయ్!" అని మా ఆయన హాల్లోంచి కేక పెట్టేసరికి, గిన్నెలు తోముతున్న నేను కంగారుగా నేల వైపు చూశాను. కప్పులన్నీ క్షేమంగానే ఉన్నాయి. పడింది ఆయన కంప్యూటర్ తెర మీద. ఏదో క్రిప్టో నాణెం ధర గుండ్రంగా దిగి, మళ్ళీ లేచి, కప్పు ఆకారంలో గీత గీసిందట.

"పక్కన చిన్న పిడి కూడా పడితే ధర డబుల్! నీ స్కూటర్ డబ్బులు ఇటు పంపించు."

"ధర పడిపోతే?"

"నీకు చార్టులు అర్థం కావులే."

నేను ఆస్పత్రిలో ఈసీజీ తీస్తాను. పదకొండేళ్ళుగా రోజుకి ముప్ఫై మంది గుండెల గీతలు నా చేతుల మీదుగా బయటికొస్తున్నాయి. అంతవరకు గుండె ఎలా కొట్టుకుందో గీత చెబుతుంది. మనిషి గది దాటాక ఏమవుతుందో చెప్పదు. గీత చక్కగా వచ్చిన పెద్దాయన ఒకరు నాకు థాంక్స్ చెప్పి వెళ్ళి, లిఫ్టు దగ్గర కూలిపోయాడు. ఇక స్కూటర్ డబ్బంటారా, అది నాలుగేళ్ళ ఆదివారం డ్యూటీలు. రెండు బస్సులు మారి ఇంటికొచ్చి, "ఇప్పుడా రావడం?" అనిపించుకోవడం మానడానికి దాచుకున్నది.

"మగాడు అంతసేపు కూర్చుని లెక్కలేసి చెబుతుంటే నీకు అనుమానాలేమిటమ్మా?" అన్నారు అత్తయ్య, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

చేతులు తుడుచుకుని వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను.

"అంత ఖాయమా?"

"నూటికి తొంభై."

"మిగతా పది ఎవరి నెత్తిన?"

"మన నెత్తినే! నీదీ నాదీ అని ఏముంది?"

"అయితే మీ బండి అమ్మి, ఆ డబ్బు పెట్టండి."

"బండి అమ్మితే ఆఫీసుకెలా వెళ్ళాలి?"

"రెండు బస్సులు. మొదటిది ఏడున్నరకి. సీటు దొరకదు గానీ, నిలబడి చార్టు చూసుకోవచ్చు."

ఆయన తెరను దగ్గరికి జరుపుకుని, కప్పు అంచు కాస్త వంకరగా ఉందేమోనని పరిశీలించడం మొదలుపెట్టారు. ఇన్నేళ్ళూ నేను పిరికిదాన్నని ఆయన అంటే నమ్మాను. ఎంత పోతే తట్టుకోగలనో నాకు తెలుసు, అంతే. ఆయనకి తెలుసుకునే అవసరమే రాలేదు.

శనివారం వెళ్ళి స్కూటర్ కొనుక్కున్నాను. ఆ మర్నాటి నుంచే ధర పెరగసాగింది. వారం తిరిగేసరికి నిజంగానే ఒకటిన్నర రెట్లయింది.

"చూశావా? అంతా నీ వల్లే పోయింది!"

నా గుండె కాస్త చివుక్కుమంది, అబద్ధమెందుకు. అయినా అన్నాను: "చార్టు చూసింది మీరు. బండి ఉన్నది మీ దగ్గర. నేనెవరిని ఆపాను?"

ఆయన విసురుగా బయటికి వెళ్ళిపోయారు. అత్తయ్య టీవీ ఆపి వంటింట్లోకి వచ్చారు. నాకు మరో క్లాసు తప్పదనుకుని సిద్ధపడ్డాను. ఆవిడ తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించారు.

"అమ్మాయ్, నీ దగ్గర ఇంకో హెల్మెట్ ఉందా?"

"ఎందుకత్తయ్యా?"

"రేపు నన్ను బ్యాంకుకి తీసుకెళ్ళు. నా పెన్షన్ ఏటీఎం కార్డు వాడి దగ్గరుంది. దాన్ని ఆపించేసి, కొత్తది నా చేతికే ఇమ్మని చెప్పాలి."