ఎనిమిదో గ్లాసు

మూడో గ్లాసులోంచి ఒక పుక్కెడు తీసుకుని గుటకమ్మ కళ్ళు మూసుకుంది. చల్లటి పాలు తగలగానే నాలుక కాసేపు మొద్దుబారుతుంది. ఆ మొద్దు వదలడానికి మనసులో ఎనిమిది దాకా లెక్కపెట్టాలి. ఎనిమిది కాగానే పాలను కుడి దవడకు, అక్కణ్ణించి ఎడమ దవడకు తిప్పి, పళ్ళ సందుల్లోంచి కాస్త గాలి పీల్చి, బల్ల పక్కనున్న స్టీలు తొట్టిలో ఉమ్మేయాలి. ఆవిడ ఉమ్మేసి, మూతి తుడుచుకుని, ముందున్న కాగితం మీద రాసింది: "వనిల్లా. మొదట బాగుంది. చివర సబ్బు."

ముప్పయ్యొక్క ఏళ్ళుగా ఆవిడ చేసే పని ఇదే. పచ్చటి టీ ఆకును మెత్తగా విసిరి చేసే మాచా పొడికి ఆ ఫ్యాక్టరీలో రకరకాల రుచులు అద్ది, చల్లటి పాలలోనో నీళ్ళలోనో కలుపుకుని తాగేలా చిన్న ప్యాకెట్లలో నింపి అమ్ముతారు. బయటికి వెళ్ళే ప్రతి రకం ముందు ఆవిడ నోట్లోంచి వెళ్ళాల్సిందే. మింగితే మాత్రం కుదరదు. మింగిందంటే మొదటి గ్లాసు రుచి గొంతులో కూర్చుని రెండో గ్లాసు మీద పెత్తనం చేస్తుందని, పని నేర్పిన పెద్దాయన మొదటి రోజే ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు ఆవిడ ఒక్కసారి కూడా తప్పలేదు. అలా ఒక్క గుటకైనా వేయని మనిషికి గుటకమ్మ అని పేరు పెట్టింది ఎవరో గానీ, వాళ్ళ కొంటెతనానికి దండం పెట్టాలి. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా లేదు.

చేరినప్పుడు ఆవిడ గ్లాసులు కడిగే మనిషి. కడిగే ముందు ప్రతి గ్లాసునూ ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది నిన్నటి పొడి, ఇది తడి తగిలిన పొడి అని తనలో తాను గొణుక్కోవడం పెద్దాయన విన్నాడు. విని, మూడు రోజులు పరీక్ష పెట్టి, ఆ మూడు రోజులూ నోరెళ్ళబెట్టి, నాలుగో రోజు చేతిలో స్పాంజి లాక్కుని బల్ల ముందు కూర్చోబెట్టాడు. తెల్ల పలకల గోడలు, ఉత్తరం వైపు ఒక కిటికీ, ఫ్యాను లేని ఆ చిన్న గదిలో ఆవిడ వయసంతా గడిచింది. ఇప్పుడు యాభై తొమ్మిది.

ఆ రోజు బల్ల మీద ఎనిమిది గ్లాసులున్నాయి. స్ట్రాబెర్రీ, మామిడి, వనిల్లా, అల్లం, కొబ్బరి, పుదీనా, కారమెల్. ఎనిమిదో దాంట్లో ఏమీ కలపని సాదా పొడి. దాన్ని పొద్దున్నే ఒక్కసారి నాలుకకు తగిలించి పక్కన పెట్టేస్తారు. దొంగను పట్టుకోబోయే ముందు వాడి ఫోటో చూసుకున్నట్టు, ఏ చేదును కప్పిపెట్టాలో తెలుసుకోవడానికే అది. మిగతా ఏడింటిలో ఆ చేదు తొంగి చూడకుండా కాపలా కాయడమే ఆవిడ ఉద్యోగం.

నాలుక మీద బతికేవాళ్ళకు నియమాలు ఎక్కువ. వాసన సబ్బు వాడకూడదు, ఉల్లి వెల్లుల్లి ముట్టకూడదు, ఉప్పూ కారమూ ఉండీ లేనట్టుండాలి. ఒకే ఇంట్లో రెండు వంటలెందుకని ఆవిడ భర్త కూడా ముప్పయ్యొక్క ఏళ్ళు ఆ చప్పిడి తిండే తిన్నాడు. ఆయన సిటీబస్సు డ్రైవరు. డిపోలో అందరూ టిఫిను డబ్బాలు విప్పితే గదంతా ఘుమఘుమలాడిపోయేది, ఈయన డబ్బా విప్పితే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. పథ్యం డ్రైవరని ఆటపట్టించేవారు. నాకు ఏదైనా ఒకటేనయ్యా అని ఆయన నవ్వి ఊరుకునేవాడు. పిచ్చి మనిషి, గుటకమ్మ అది నిజమనే నమ్మింది. పాపం ఈయనకు నాలుకే లేదనుకుంది. ఏడు గ్లాసుల గుట్టు విప్పే మనిషి, పక్కన కూర్చుని తినే మనిషి గుట్టు కనిపెట్టలేకపోయింది.

ఆ సంగతి నాలుగు నెలల కిందట ఆయన నోటివెంటే వచ్చింది. జబ్బుకు చేసిన వైద్యం జబ్బును వదిలేసి రుచిని పట్టుకుపోయింది. ఏది పెట్టినా తుప్పు, తుప్పు అన్నాడు. ఒకరోజు చెంబెడు నీళ్ళు తాగి గోడ వైపు తిరిగి, మంచినీళ్ళ తీపి కూడా పోయిందే అన్నాడు. నీళ్ళ తీపి! అంత సన్నటి తీపిని ఎరిగిన మనిషి తన కోసం ఇన్నేళ్ళు చప్పిడి తిన్నాడని తెలిసి, గుటకమ్మ వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

పది రోజుల కిందట డాక్టరు ఆవిడను పక్కకు పిలిచి, ఇక మందులతో పని లేదమ్మా, ఆయనకేది ఇష్టమో అది పెట్టండి అన్నాడు. ఆ మాటకు అర్థం తెలియనంత చిన్నపిల్ల కాదు. ఆవిడకు ఇప్పుడు ఒకటే కోరిక. ఆయన పోయేలోపు ఒక్క గుక్క, ఒకే ఒక్క గుక్క, రుచి తెలిసి తాగాలి. సాయంత్రం సాయంత్రం ఒక ప్యాకెట్ తీసుకెళ్ళి కలిపిచ్చేది. ఆయన ఒక చుక్క చప్పరించి, తుప్పేనే, నువ్వు మాత్రం ఏం చేస్తావులే అని గ్లాసు తిరిగి ఇచ్చేసేవాడు. తనకోసం ఆయన నొచ్చుకోవడం ఆవిడకు మరీ కష్టంగా ఉండేది.

ఇవాళ పొద్దున బస్సులో ఆవిడకొక ఆలోచన తట్టింది. ఇన్నాళ్ళూ తన నోటితో రుచి చూసి ఆయన నోటికి ఇస్తోంది. ఆ నోరు తనకు లేకపోతే ఎలా తెలుస్తుంది?

అందుకే ఏడు గ్లాసులకూ మార్కులు వేసేశాక, తన బీరువాకు వేసే పాత ఇనప తాళంచెవి బాగా కడిగి నాలుక మీద పెట్టుకుంది. రెండు వందల దాకా లెక్కపెట్టింది. నోరంతా తుప్పు ఊరింది. దవడలు లాగేశాయి. అమ్మో, ఈ నోటితోనా ఈయన నాలుగు నెలలు బతుకుతున్నాడు అనిపించి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తాళంచెవి తీసి మొదటి గ్లాసు అందుకుంది.

స్ట్రాబెర్రీ దగ్గు మందైపోయింది. మామిడి కుళ్ళింది. కారమెల్ కాలిన రబ్బరు. తాళంచెవి మళ్ళీ నోట్లో, మళ్ళీ రెండు వందలు, మళ్ళీ ఇంకో గ్లాసు. కొబ్బరి కొవ్వొత్తి మైనంలా అంటుకుంది. అల్లం కాస్త పోరాడింది గానీ అదీ చివరికి చేతులెత్తేసింది. ముప్పయ్యొక్క ఏళ్ళు తాను మెచ్చి బయటికి పంపిన రుచులన్నీ ఆ తుప్పు ముందు తోక ముడిచాయి.

ఇక మిగిలింది ఎనిమిదోది. అది చూడాలని కూడా ఆవిడకు లేదు. అయినా వరస తప్పడం అలవాటు లేక అందుకుంది. పాలు వద్దనిపించి, ఉత్త చన్నీళ్ళలో పొడి కొత్తగా కలుపుకుంది. ఒక పుక్కెడు తీసుకుని లెక్కపెట్టింది. ఎనిమిది అయ్యాక ఉమ్మలేదు, ఇంకా అలాగే ఉంచుకుంది. చేదు వచ్చింది. వచ్చి తుప్పును నెట్టలేదు, కప్పలేదు, దాని పక్కన సర్దుకుని కూర్చుంది. ఆ తర్వాత చూస్తే తుప్పు ఎక్కడా లేదు. పచ్చిక వాసన ఒకటి నోరంతా నిండింది. గుటకమ్మ ఒళ్ళు జలదరించింది.

సరిగ్గా అప్పుడే మేనేజరు లోపలికొచ్చాడు. బల్ల మీద ఎంగిలి తాళంచెవి చూసి నవ్వాడు.

"ఏంటి గుటకమ్మగారూ, తాళంచెవి కూడా ప్యాకెట్లో వేసి అమ్మేద్దామా?"

ఆవిడ ఉమ్మేసి, మూతి తుడుచుకుంది. "మా ఆయన నోరు ఇలా ఉందండీ. ఆ నోటితో ఏది నిలబడుతుందో చూస్తున్నా."

మేనేజరు నవ్వు ఆగిపోయింది. ఏది నిలబడింది అని మెల్లగా అడిగాడు. ఆవిడ ఎనిమిదో గ్లాసు చూపించింది. ఎవరూ డబ్బు పెట్టి కొనరని తాను ప్యాకెట్ కూడా వేయించని సాదా పొడి వైపు ఆయన కాసేపు చూసి, అలమరలోంచి డబ్బా మొత్తం తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. రెండు చెంచాలు చాలండీ అంటున్నా వినకుండా, కాగితాల సంగతి తాను చూసుకుంటానని, వెంటనే ఇంటికి బయల్దేరమని చెప్పాడు. మధ్యాహ్నం రెండున్నరకు ఆ గది తలుపు దాటి బయటికి రావడం ఆవిడకు అదే మొదలు.

ఇల్లు మూడో అంతస్తులో రెండు గదులు. ఆవిడ ఆడబిడ్డ తమ్ముణ్ణి చూసుకోవడానికి వచ్చి నెలయింది. ఆ మనిషికి నోరు ఒక్క క్షణం ఆగదు. డబ్బా చూడగానే అందుకుంది.

"మళ్ళీ తెచ్చావా? వాడి నోరేమన్నా మీ ఫ్యాక్టరీ అనుకున్నావుటే? వాణ్ణి ప్రశాంతంగా ఉండనియ్యవు కదా."

"ఈ ఒక్కసారికి వదినా," అని గుటకమ్మ వంటింట్లోకి పోయింది. పొడిని టీ జల్లెడలో పట్టింది. చెంచాడు చన్నీళ్ళతో ఉండలు లేకుండా మెదిపింది. మిగతా నీళ్ళూ మూడు మంచు ముక్కలూ వేసి, మూత ఉన్న సీసాలో ముప్పైసార్లు ఊపి గ్లాసులో పోసింది.

ఆయన కిటికీ పక్క మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు. బస్సు చక్రం తిప్పిన చేతులు పుల్లలైపోయాయి. పెదవులు పగిలి ఉండడంతో గ్లాసులో స్ట్రా వేసి నోటికి అందించింది. ఆయన ఒక గుక్క పీల్చి ఆగాడు. గుటకమ్మ ఆ ముఖాన్నే చూస్తోంది. లోపల తెలియకుండానే లెక్క మొదలైంది.

"చేదు," అన్నాడు.

ఆడబిడ్డ విసురుగా లేచింది. పోయే ప్రాణానికి చేదు తాగిస్తావా అంటూ గ్లాసు మీద చెయ్యి వేయబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ఉండక్కా. చేదు తెలుస్తోంది నాకు. తుప్పు కాదు. చేదు."

నాలుగు నెలల తర్వాత ఆ మనిషి ముఖంలోకి ప్రాణం వచ్చింది. ఇంకో గుక్క పీల్చాడు. ఇంకోటి. వర్షం వెలిశాక మైదానం పక్కనుంచి బస్సు పోతుంటే వచ్చే వాసనలా ఉందన్నాడు. తర్వాత, ఎవరో పిలిస్తే చెవి ఒగ్గినట్టు తల పక్కకు వంచాడు.

"ఏమే, ఇందులో తీపి కూడా ఉంది."

"లేదండీ. చక్కెర పలుకు కూడా వెయ్యలేదు."

"నోట్లో కాదు. మింగాక కాసేపాగి గొంతులోంచి వస్తోంది, సన్నగా, నీళ్ళ తీపిలా. తాగి చూడు."

ఆ సాదా పొడిని కొన్ని వేలసార్లు నోట్లో పోసుకున్న గుటకమ్మకు అది ఆయన భ్రమ అనిపించింది. కాదంటే చిన్నబుచ్చుకుంటాడని గ్లాసు అందుకుని ఒక పుక్కెడు తీసుకుంది. ఎనిమిది లెక్కపెట్టింది. చేదు, పచ్చిక, అంతే. ఉమ్మేయడానికి సింకు వైపు అడుగు వేసింది.

"మింగవే," అన్నాడు ఆయన వెనక నుంచి.

ఆవిడ ఆగిపోయింది. ఏళ్ళ అలవాటు అడ్డం పడుతోంది. చివరికి కళ్ళు గట్టిగా మూసుకుని, మందు మింగే చంటిదానిలా గుటుక్కున మింగేసింది. ఏమీ లేదు. తొమ్మిది, పది, పదిహేను. ఏమీ లేదని చెప్పబోయింది. ఇరవై మూడు దగ్గర గొంతు అడుగునుంచి చల్లగా ఏదో లేచింది. నాలుక మొదట్లోకి పాకింది. తీపి. పండు తీపి కాదు, పాల తీపి కాదు, దేనితోనూ పోల్చి కాగితం మీద రాయలేని తీపి. ఊపిరి పీలిస్తే పెరుగుతోంది, వదిలితే నిలుస్తోంది. గుటకమ్మ గోడ పట్టుకుని నిలబడిపోయింది. ఇంత పెద్ద సంగతి తన నోటి గుమ్మం దాకా రోజూ వచ్చిందే, రోజూ తాను తొట్టిలో పారబోసిందే! దిగులు కలగాలి కదా, కలగలేదు. ఈ వయసులో, ఈ గదిలో, ఈ మనిషి చెబితే ఇది తెలిసిందే అని గుండె పట్టలేనంత ఆశ్చర్యం వేసింది.

"వచ్చిందా?" అన్నాడు ఆయన.

"వచ్చిందండీ. ముప్పయ్యొక్క ఏళ్ళూ ఉమ్మేశాను."

ఆయన నవ్వాడు. శబ్దం లేదు గానీ భుజాలు కదిలాయి. ఆవిడకూ నవ్వొచ్చింది. ఏం జరిగిందో అర్థం కాకపోయినా ఆడబిడ్డ కూడా నవ్వేసి, ఆ నవ్వులోనే కళ్ళు తుడుచుకుంది. ఆయన గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగి, స్ట్రా చివర గరగరమనేదాకా పీల్చి, దాన్ని పళ్ళ మధ్య పట్టుకుని కాసేపు కూర్చున్నాడు. తర్వాత గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టమన్నాడు.

"ఇంకోటి కలిపి తే."

నాలుగు నెలల్లో ఆయన నోరు తెరిచి ఏదైనా అడగడం అదే మొదటిసారి. గుటకమ్మ వంటింట్లోకి నడవలేదు, పరుగెత్తింది. జల్లెడ పట్టింది, మెదిపింది, మంచు ముక్కలు ఈసారి నాలుగు వేసింది. ఊపుతూ ఊపుతూ రేపు ఇంకాస్త చిక్కగా కలపాలనుకుంది. పని నేర్పిన పెద్దాయన ఉంటే ఈ సంగతి చెప్పి ఎంత ఏడిపించేదాన్ని అనుకుంది. ముప్పై పూర్తయ్యాక గ్లాసులో పోసి, నురగ పొంగకుండా మెల్లగా నడుచుకుంటూ వచ్చింది.

ఆయన తల కిటికీ వైపు వాలి ఉంది. మంచం అంచున కూర్చుని ఆడబిడ్డ తమ్ముడి చేతిని రెండు చేతుల్లో పట్టుకుంది. అంత నోరున్న మనిషి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. తలెత్తి మరదలి వైపు చూసింది, అంతే.

గుటకమ్మ నిండు గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడింది. ఆయన ముఖం మీద నొప్పి లేదు. మూతి కొనలకు కొంచెం పచ్చటి నురగ అంటుకుని ఉంది. ఏడుపు వస్తోంది, వస్తున్న ఏడుపు కింద గొంతులో ఆ తీపి ఇంకా వదల్లేదు. అది పోతుందేమోనని ఆవిడ చాలాసేపు గుటక వేయలేదు.

కిటికీ గట్టు మీద ఖాళీ గ్లాసులో ఆయన కొరికి నొక్కేసిన స్ట్రా ఒక పక్కకు ఒరిగి ఉంది, దాని కొసన ఒక పచ్చటి చుక్క ఇంకా ఆరలేదు.