సీరియెమా ఎడమకాలు

ఒదిలోన్ దుకాణంలోకి వచ్చి టోపీ కూడా తీయలేదు. గోడలకు వేలాడుతున్న కొయ్య చేతులనూ తలలనూ పాదాలనూ ఒకసారి చూసి ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"ఎడమకాలు కావాలి. తొడ దగ్గర్నుంచి పాదం దాకా. శుక్రవారం పొద్దుటికల్లా. నున్నగా ఉండాలి. మచ్చలూ గిచ్చలూ వద్దు."

మా మావయ్య అబ్దియాస్ ఉలి ఆపలేదు. "ఎవరి కాలండీ?"

"ఈ దేశంలో చెప్పుకోదగ్గ ఎడమకాలు ఇంకెవరికుందయ్యా!"

అతని వెనకాలే జుసేలియో లోపలికి వచ్చాడు. దేశమంతా అతన్ని సీరియెమా అంటుంది. మా బీళ్ళలో పరుగెత్తే పొడుగుకాళ్ళ పిట్ట పేరు అది. మా ఊరికి మాత్రం అతను దోనా జుల్మీరా కొడుకు. ఎండిన చెరువు అడుగున పగుళ్ళిచ్చిన మట్టి మీద ఉత్తికాళ్ళతో ఆడినవాడు. పద్నాలుగేళ్ళకు పత్తిలారీ ఎక్కి రాజధానికి పోయాడు. పంతొమ్మిదికి దేశం తరఫున ఫుట్‌బాల్ ఆడటానికి పసుపుచొక్కా తొడిగాడు. అతను గోలు కొట్టిన రోజున మా ఊళ్ళో మేకలు కూడా రేడియో విన్నాయని చెప్పుకునేవారు. ఇరవై మూడుకు ఇటలీ. ఇరవై ఆరుకు అక్కడే ఒకడు బంతిని వదిలి మోకాలిని తన్నాడు. రెండు ఆపరేషన్లయ్యాక ఇటలీవాళ్ళు వద్దనుకున్నారు. ఏడాది కిందట రాజధానిలోని క్లబ్బు తెచ్చుకుంది. ఆ క్లబ్బు పెద్ద ఈ ఒదిలోనే.

మోకాలు విరిగిన రోజునే దోనా జుల్మీరా మా గాయాల ఫ్రాన్సిస్ స్వామికి మొక్కుకుంది. కొడుకు కాలు నయమైతే తను పుట్టిన పల్లె నుంచి మా ఊరి గుడిదాకా చెప్పుల్లేకుండా నడిచివస్తానని, కొయ్యకాలు చేయించి, నయమైనవాళ్ళు మొక్కుబడి అవయవాలు వేలాడదీసే అద్భుతాల గదిలో పెడతానని. పోయిన నెల క్లబ్బు ఆఫీసు నుంచి ఫోను వచ్చింది, పూర్తిగా నయమైందని. మర్నాడే ఆ పల్లెకు పోయి అక్కణ్ణుంచి బయలుదేరింది. నలభై కిలోమీటర్లు. చివరి పది నేనూ ఆమెతో నడిచాను. నాకు జ్ఞానస్నానం చేయించినప్పుడు ఎత్తుకున్నది ఆవిడే, అందుకే నాకు పెద్దమ్మ. గుడి మెట్ల దగ్గర ఆమె అరికాళ్ళను ఉప్పునీళ్ళతో కడిగింది నేనే. తోలు నా చేతికి వచ్చింది. ఆమె నవ్వుతూనే ఉంది.

మా దుకాణంలో కొలవకుండా చెక్కరు. నయమైన అవయవం ఇవాళ ఎలా ఉందో అలాగే చెక్కాలి, జబ్బు ఎక్కడ ఉండేదో అక్కడ ఒక ఎర్రచుక్క పెట్టాలి. స్వామి అరచేతుల్లో చిల్లులున్నాయి, గాయాల విషయంలో ఆయనకు తప్పుడు కొలత ఇవ్వకూడదని మావయ్య అంటాడు.

కొలిచే పని నాది. ఒదిలోన్ కాఫీ తాగడానికి ఎదురుగా ఉన్న అంగడికి వెళ్ళాడు. నేను దారం తీసి ముందు కుడితొడ చుట్టూ పెట్టాను, తరువాత ఎడమతొడ చుట్టూ. నాలుగు వేళ్ళ తేడా వచ్చింది. మళ్ళీ రెండుసార్లు కొలిచాను. మోకాలి మీద చెయ్యి వేస్తే పొయ్యిరాయిలా ఉంది. చిప్పకు రెండువైపులా చీమలు కుట్టినట్టు సూదిపోట్లు.

"నీ చేతులు చల్లగా ఉన్నాయి, మర్లూసీ" అన్నాడు జుసేలియో.

"నీ మోకాలే కాలిపోతోంది."

అతను తలుపు వైపు చూశాడు. "అమ్మకి చెప్పకు."

"పెద్దమ్మ నడిచింది, తెలుసా నీకు?"

"తెలుసు. ఫోను నేను చెయ్యలేదు. ఆఫీసువాళ్ళు చేశారు."

"చేస్తుంటే పక్కనే ఉన్నావా?"

అతను మోకాలి మీద అరచెయ్యి కప్పుకున్నాడు.

"ఆదివారం ఫైనలు" అన్నాడు. "ఒక్క ఆట. సూది వేస్తే తొంభై నిమిషాలు ఏమీ తెలీదు. పేపర్లవాళ్ళు కాలు బాగోలేదని రాస్తున్నారు. అందుకని శుక్రవారం టీవీవాళ్ళ ముందు కొయ్యకాలు భుజాన పెట్టుకుని మెట్లెక్కాలట. స్వామే సాక్ష్యం చెప్పాక ఇంక ఎవడు అడుగుతాడు అంటాడు ఒదిలోన్ గారు."

"ఆట అయ్యాక?"

"ఇంకొక్క ఆట ఆడితే జన్మంతా చేతికర్రతో నడుస్తావని డాక్టరు చెప్పాడు."

"ఏ డాక్టరు?"

"మంచి డాక్టరు. అందుకే తీసేశారు."

అతను నవ్వబోయాడు. నాకు నవ్వు రాలేదు. ఆ దారాన్ని అతని మెడకు బిగించాలనిపించింది.

"మరి ఎందుకాడతావు?"

"పద్నాలుగేళ్ళప్పట్నుంచి ఎవడో ఒకడు లేవమంటే లేచాను, ఆడమంటే ఆడాను. ఆడనని చెప్పడం నాకెవరూ నేర్పలేదే."

కాఫీ తాగి ఒదిలోన్ వచ్చాడు. జుసేలియోను తల్లి ఇంటికి కూడా పోనివ్వకుండా కారెక్కించుకుని హోటలుకు తీసుకుపోయాడు. నేను కొలతలు చెప్పాను. మావయ్య ఉలి కింద పెట్టాడు.

"రెండోసారి కొలిచావా?"

"మూడుసార్లు కొలిచాను."

"అయితే నువ్వే చెక్కు. ఈ కోపంతో నేను చెక్కితే కాలు పోయి గొడ్డలి తయారవుద్ది."

గురువారమంతా చెక్కాను. మెత్తని ఉంబురానా కర్ర, చేతులు చెప్పినట్టు వింటుంది. ఎండిపోయిన తొడ చెక్కాను. దాని కింద ఉబ్బిన మోకాలు చెక్కాను. కోపమంతా ఉప్పుకాగితంలో పెట్టి రుద్దాను. ఒదిలోన్ నున్నగా కావాలన్నాడు, నున్నగానే చేశాను. చుక్క పెట్టే ఎర్రరంగు డబ్బా మూత మాత్రం తీయలేదు.

శుక్రవారం ఎనిమిదింటికి దోనా జుల్మీరా వచ్చింది. మొక్కువాళ్ళు వేసుకునే గోధుమరంగు అంగీ తొడుక్కుంది. అరికాళ్ళు ఇంకా పూర్తిగా మానలేదు, మడమల మీద నడుస్తోంది.

"దీవించు పెద్దమ్మా."

"దేవుడు చల్లగా చూస్తాడే. ఏదీ, నా బిడ్డ కాలు?"

ఆమెకు చదువు రాదు. కానీ ముప్పై ఏళ్ళుగా అద్భుతాల గది ఊడ్చేది ఆమే. అక్కడి వేల కొయ్యకాళ్ళ మీద దుమ్ము దులిపిన చేతులవి. గుడ్డ విప్పి కాలును ఒళ్ళో పెట్టుకుని తొడ మీంచి కిందికి నిమిరింది. మోకాలి దగ్గర చెయ్యి ఆగింది. మళ్ళీ పైకి వెళ్ళింది.

"ఈ తొడ ఎవరిదే?"

"జుసేలియోదే."

"వాడికి పదేళ్ళప్పుడు ఇంత ఉండేది."

"బుధవారం కొలిచాను, పెద్దమ్మా."

"మోకాలు బొప్పికట్టింది." ఆమె కాలును వెలుగులో అటూ ఇటూ తిప్పింది. "చుక్కేదే? మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. పోయిన జబ్బుకే కదా చుక్క."

ఏడుస్తుందనుకున్నాను. ఆమె ఏడవలేదు. మొహం మట్టికుండలా బిగుసుకుపోయింది.

"అంటే నేను నడిచిన నలభై కిలోమీటర్లూ అబద్ధమేనా?" అంది. "నా కాళ్ళతో స్వామికి అబద్ధం చెప్పించారా ఆ దొంగముండాకొడుకులు?"

ఆదివారం సంగతి, డాక్టరు మాట, అన్నీ చెప్పాను. విని నా వైపు తిరిగింది.

"బుధవారం నుంచీ తెలుసా నీకు?"

"తెలుసు."

"రెండ్రోజులు నోరు మూసుక్కూచుని కొయ్యచేత చెప్పిస్తావా? నీకు నాలుక లేదా, పెరికించుకున్నావా?"

నాకు రోషం వచ్చింది. మావయ్య నా వైపు చూడకుండా చెక్కపొట్టు ఊడుస్తున్నాడు. కాలు నేనే ఎత్తుకుని ఆమె వెనక నడిచాను.

పదింటికి గుడిముందు ఖాళీ లేదు. రెండు టీవీ కెమెరాలు, బాజాలవాళ్ళు, క్లబ్బు జెండాలు. జుసేలియో కారు దిగి మామూలు మనిషిలా నడిచాడు. పొద్దున్నే సూది వేసి ఉంటారు. నా చేతిలోని కాలు చూసి ఒదిలోన్ మొహం రంగు మారింది.

"ఇదేంటి? ఇలాగా నేను చెక్కమంది?"

"మచ్చలొద్దన్నారు. పెట్టలేదు."

అతను గబగబా ఒక జెండా లాగి దాని మీద కప్పి, జుసేలియో భుజానికెత్తాడు. జనం "సీ-రి-యె-మా" అని అరుస్తుంటే ఇరవై ఒక్క మెట్లూ ఎక్కారు. తల్లి కొడుకు పక్కనే ఎక్కింది. ఒక్కసారి కూడా అతని మొహం చూడలేదు. పైన గుమ్మం దగ్గర ఒదిలోన్ మైకు పట్టుకున్నాడు. "స్వామి దయ! ఆదివారం మన సీరియెమా..."

"ఆగవయ్యా" అంది దోనా జుల్మీరా. "మొక్కు ఇంకా తీరలేదు. గుమ్మం నుంచి స్వామి దాకా మోకాళ్ళ మీద పోవాలి. మోకరిల్లరా."

జుసేలియో మొహంలో రక్తం లేదు. "అమ్మా... తరవాత..."

"ఇప్పుడే. రెండు మోకాళ్ళ మీదా."

ఒదిలోన్ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. "అమ్మగారూ, టీవీవాళ్ళకి టైములేదు..."

"నువ్వు ఫోను చేయిస్తే నేను నడిచాను. టైముందా అని అడిగానా? నయమైందన్నావుగా, మోకరిల్లడానికి నీకేం బాధ?"

జనానికి ఇదేమీ తెలియదు. వాళ్ళు ప్రేమగానే అందుకున్నారు. "మోకరిల్లు! మోకరిల్లు!" చప్పట్లు కూడా మొదలుపెట్టారు.

అతను కుడి మోకాలు నేలకానించాడు. ఎడమకాలు కొంచెం వంగి అక్కడితో ఆగిపోయింది, కొయ్యలా బిగుసుకుని పక్కకు చాచుకుపోయింది. చేత్తో అదిమాడు. రెండు చేతులతో అదిమాడు. సూది నొప్పిని చంపుతుందే కాని కీలును వంచలేదు. కెమెరా దగ్గరికి వచ్చింది. చప్పట్లు సన్నగిల్లాయి. బాజాలవాళ్ళలో ఒకడు మాత్రం చూడక ఇంకా ఊదుతున్నాడు, పక్కవాడు మోచేత్తో పొడిచాక ఆపాడు.

దోనా జుల్మీరా ఒదిలోన్ చేతిలోంచి మైకు లాక్కుని కొడుకు మొహం ముందు పెట్టింది. "చెప్పు."

అతను రెండు చేతులూ ఎడమకాలి మీంచి తీశాడు. "వంగదు" అన్నాడు. "రెండు నెలలైంది. నయం కాలేదు. ఆదివారం నేను ఆడను."

"నువ్వు సంతకం పెట్టావురా!" ఒదిలోన్ పక్కన మైకు ఉందన్న సంగతి కూడా మర్చిపోయాడు. "ఆ కాలు నీది కాదు, క్లబ్బుది!"

ఆ మాట జనమంతా విన్నారు. విని ఒదిలోన్‌ని తిడతారని అనుకున్నాను. కొందరు తిట్టారు. కానీ ఎక్కువమంది జుసేలియోనే తిట్టారు. దొంగ అన్నారు, పిరికివాడన్నారు, ఫైనలు నాశనం చేశావన్నారు. నిన్నటిదాకా పిల్లలకు అతని పేరు పెట్టుకున్నవాళ్ళే. ఒక నారింజకాయ వచ్చి అతని భుజానికి తగిలి చితికింది.

దోనా జుల్మీరా అడ్డంగా నిలబడింది. "ఎవడ్రా విసిరింది? నువ్వా? పైకి రా. ఆదివారానికి నీ మోకాలిస్తావా? పెళ్ళాన్ని అడిగొస్తావా? రారా, మా మర్లూసి కొలత తీసుకుంటుంది!"

ఎవరూ రాలేదు. నేనూ ఆమే చెరో చంకకింద చెయ్యి వేసి అతన్ని లేపాము. ఒక్కో మెట్టే దించాము. దిగినంతసేపూ ఎవరెవరో ఏదో ఒకటి అంటూనే ఉన్నారు. ఆమె అందరికీ జవాబిస్తూనే ఉంది, ఒక్కరికీ బాకీ పెట్టలేదు.

మావయ్య లారీ తెచ్చి పెట్టాడు. వెనక కర్రదుంగల మధ్య చోటు చేసి అతన్ని కూర్చోబెట్టాము. ఊరు దాటాక పెద్దమ్మ పుట్టిన పల్లెకు పోయే మట్టిరోడ్డు మొదలైంది. అప్పటికి సూది మందు దిగిపోతున్నట్టుంది. ప్రతి గుంతకూ అతను పళ్ళు బిగించాడు, తరువాత బిగించడం మానేసి అరిచాడు.

"నిదానంగా పొమ్మననా?" అని అడిగాను.

"పోనీ, ఇలాగే పోనీ" అంది దోనా జుల్మీరా రోడ్డు వైపే చూస్తూ. "వాడి కాలు ఎలా ఉందో వాడికి తెలియనీ. ఏడాదిగా ఒక్కడూ తెలియనివ్వలేదు."