అత్త హారంలో కువైట్

దేశానికో డబ్బు పేరు పెట్టినవాళ్లను వరసగా నిలబెట్టి కడిగేయాలనిపించింది నాకు. అందరూ రూపాయి అనుకుంటే ఏం పోయేది? జపాన్‌కు యెన్ అట, థాయిలాండ్‌కు బాత్ అట, వియత్నాంకు డాంగ్ అట. పినపాక దగ్గర తండాలో బ్లౌజులు కుట్టుకునే సువర్ణకు, అంటే నాకు, ఈ గోలంతా ఎందుకంటే, భద్రాచలంలో మహిళా సంఘాలకు క్విజ్ పోటీ పెట్టారు. విషయం ప్రపంచ దేశాల డబ్బు పేర్లు. మొదటి బహుమతి మోటారు కుట్టుమిషను.

ఆ మిషను నాకు కావాలి. ఇప్పుడున్నది కిరాయిది, వచ్చే నెల తీసుకుపోతానని ఓనరు చెప్పేశాడు. మా అత్త లాలి తన హారం అమ్మి కొత్తది కొనిస్తానంది. వద్దని ఎంత అరిచినా వినలేదు. పాత నాణేలు కొనే ఒకాయన ఖమ్మం నుంచి సోమవారం వస్తానన్నాడు. పోటీ శనివారం. నేను గెలిస్తే హారం అత్త మెడలో ఉంటుంది, ఓడితే ఆయన సంచిలోకి పోతుంది.

మా లంబాడీ ఆడవాళ్ల మెడలో రూపాయి బిళ్లలు మామూలే. అత్త హారంలో మాత్రం వాటి మధ్య పరాయి దేశాల బిళ్లలు కూడా ఉన్నాయి. తండా నుంచి ఎవరు గల్ఫ్‌కు పోయి వచ్చినా ఆమెకు ఒక బిళ్ల తెచ్చివ్వాలి. ఇది ఆమె పెట్టిన చట్టం. దానికి కొక్కెం వేయించి హారంలో కలుపుకుంటుంది, తెచ్చినవాళ్ల పేరుతోనే దాన్ని పిలుస్తుంది. కువైట్‌లో కారు నడిపిన ఆమె తమ్ముడు గోప్యా, ఒమన్‌లో తాపీపని చేసిన బద్యా, ఖతర్‌లో వంటపని చేసిన గోరి, ముగ్గురూ ఆమె మెడలో పక్కపక్కనే గలగలమంటుంటారు.

సంఘం వాళ్లు ఇచ్చిన కాగితంలో ఒక వరస పెద్ద డబ్బు పేర్లు, పక్క వరస చిల్లర పేర్లు ఉన్నాయి. పోటీకి మొదటి వరస చాలన్నారు. చదివితే ఒక్కటీ బుర్రకెక్కదు. విసుగొచ్చి దాన్ని పొయ్యిలో పెట్టబోతే అత్త లాక్కుంది. మిరపకాయల తొడిమలు తీస్తూ హారం ముందుకు లాగి, ఒక్కో బిళ్ల చూపించి, తెచ్చినవాళ్లు చెప్పిన పేర్లు నాతో అనిపించింది. గోప్యాది ఫిల్స్, బద్యాది బైసా, గోరిది దిర్హం. ఇవి మాత్రం ఒక్కపూటలో వచ్చేశాయి. మిగతావి ఎలాగో కాగితం చూసి బట్టీ పట్టాను, ఈ మూడు దేశాలను మాత్రం అందులో చూడనే లేదు. అదే నేను చేసిన తెలివితక్కువ పని.

పోటీలో చివరికి నేనూ, సత్తుపల్లి నుంచి వచ్చిన మనోజ్ఞా మిగిలాం. జపాన్, థాయిలాండ్ గడగడా చెప్పాను. కువైట్ అడిగారు. ఫిల్స్ అన్నాను. తప్పు, దినార్ అన్నారు ప్రశ్నలడిగే సారు. ఒమన్ అడిగారు. బైసా అన్నాను. అదీ తప్పే, రియాల్ అట. జనం నవ్వారు. నాకు ఒళ్లు మండింది. మా గోప్యా మామ చేత్తో తెచ్చిన బిళ్ల తప్పెట్లయితదని సారు మీదే గొంతు లేపాను.

అప్పుడు వెనక కుర్చీలోంచి అత్త లేచింది. హాలంతా ఆమె గాజుల వైపు, హారం వైపు చూసింది.

"మా కోడల్ని అనకున్రి సార్. దినార్లు, రియాల్లు మావోళ్లు బ్యాంకుల ఏసి ఇంటికి పంపిన్రు. ఆళ్ల జేబుల మిగిలింది గీ చిల్లరనే. అదే నాకు తెచ్చిచ్చిన్రు, అదే దీనికి నేర్పిన."

ఎవరూ నవ్వలేదు. సారు ఆమెను కూర్చోమని మర్యాదగా చెప్పి పోటీ నడిపించారు. మంగోలియా, లావోస్ దగ్గర మనోజ్ఞ ఆగిపోయింది. ఇద్దరికీ సమానంగా వచ్చాయి. ఇక మొదటి వరసలో అడగడానికి ఏమీ మిగల్లేదని, అదే కాగితంలో రెండో వరస తీస్తున్నామని సారు అన్నారు. ఖతర్ రియాల్‌కు చిల్లర పేరేమిటని అడిగారు.

మనోజ్ఞ తల అడ్డంగా ఊపింది. నేను అత్త మెడ వైపు చూశాను. గోరి అక్కడే ఉంది, బద్యా పక్కన.

దిర్హం అన్నాను.

"దిర్హం దుబాయ్‌ది కదండీ?" అంది మనోజ్ఞ. అక్కడ అది పెద్ద డబ్బు, ఖతర్‌లో చిల్లర అని సారు చెప్పారు. మిషను నాదైంది. మనోజ్ఞే ముందు చప్పట్లు కొట్టింది, ఆ అమ్మాయి మంచిది.

సోమవారం ఖమ్మం ఆయన వచ్చాడు. అత్త ఆయనకు చాయ్ పోసి, హారం అమ్మేది లేదని చెప్పి పంపించింది. తర్వాత నన్ను పిలిచి, భద్రాచలంలో ఆటోకు ఇవ్వగా చిల్లరేమైనా మిగిలిందా అని అడిగింది. సంచి దులిపితే ఒక రూపాయి బిళ్ల పడింది. అది పట్టుకుని ఎటో పోయింది.

సాయంత్రం తిరిగొచ్చేసరికి గోరి పక్కన కొత్త బిళ్ల మెరుస్తోంది. ఇదెవరిదని ఎదురింటామె అడిగింది.

"గిది సువర్ణ," అంది అత్త. "భద్రాచలం పోయొచ్చింది."