రెండో గిటారు

కారు డిక్కీ సర్దడం నాగజ్యోతి పని. ఎవరూ ఆమెకు అప్పగించలేదు, ఆమె అడిగి తీసుకోనూ లేదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి గిరీశ్ కీబోర్డు అడాప్టరు ఇంట్లో మర్చిపోయి, ఫంక్షన్ దగ్గర నానా తిప్పలు పడి, ఇంటికొచ్చి “నువ్వు చూసుకోవద్దా?” అన్నాడు. ఆ రోజు నుంచి చూసుకోవడం ఆమె వంతయింది. కీబోర్డు ఆయనది, అడాప్టరు ఆయనది, మర్చిపోయింది ఆయన. మాట మాత్రం ఈమెకు పడింది. ఇలాంటివన్నీ నిలదీసి అడిగే తీరిక మన ఇళ్ళల్లో ఎవరికీ ఉండదు కాబట్టి సంసారాలు సాఫీగా నడుస్తున్నాయి.

ఇప్పుడామె సర్దితే వంక పెట్టడానికి ఉండదు. అడాప్టరు పోతే ఇంకో అడాప్టరు. మైకు మొరాయిస్తే ఇంకో మైకు. చెమట పడితే మార్చుకోవడానికి ఆయనకు రెండో చొక్కా, అదీ ఇస్త్రీ చేసి. అత్త గౌరమ్మ వెంట వస్తే ఆమె బీపీ మాత్రలు ఆమె సంచిలో ఒక షీటు, తన దగ్గర ఇంకో షీటు. “మా జ్యోతి ఉందంటే నాకు ఏ దిగులూ ఉండదు,” అని గిరీశ్ నలుగురిలో అంటుంటాడు. మెచ్చుకోలే అది, కాదనలేం.

నంద్యాలలో వాళ్ళకు కిరాణా కొట్టుంది. పెళ్ళిళ్ళ రోజుల్లో గిరీశ్ ఆర్కెస్ట్రా నడుపుతాడు. కీబోర్డు వాయించేది ఆయనే, మైకు పట్టుకుని జనాన్ని నవ్వించేదీ ఆయనే. నాగజ్యోతి డిగ్రీ చదివే రోజుల్లో గిటారు నేర్చుకుంది. వాళ్ళ నాయన కొనిచ్చిన గిటారు పెళ్ళయ్యాక బీరువా మీదికెక్కి దుమ్ము కొట్టుకుపోయింది. ఆర్కెస్ట్రాలో గిటారు వాయించే అబ్బాయి హైదరాబాదు వెళ్ళిపోయినప్పుడు, “ఇంట్లో మనిషిని పెట్టుకోని బయటోళ్ళకు దుడ్లు ఇచ్చేదెందుకు?” అన్నాడు గిరీశ్. కొత్త గిటారు కొన్నాడు. అలా ఆమె స్టేజీ ఎక్కింది. ఆ అబ్బాయికి ప్రతి ఫంక్షన్‌కీ ముట్టేది, ఈమెకు ముట్టదు. అడగలేదు కూడా. స్టేజీ ఎక్కనిచ్చారు, అదే పదివేలు అనుకుంది. ఒకప్పుడు అలా అనుకున్నానని తలుచుకుంటే ఇప్పుడామెకు తలెత్తబుద్ధి కాదు.

కొత్త గిటారుకు ఒక గుణముంది. ఒక్క తీగ తెగితే మిగతావన్నీ శ్రుతి తప్పుతాయి. తీగ మార్చి, అన్నీ మళ్ళీ శ్రుతి చేసుకునేసరికి పాట అయిపోయి ఇంకో పాట అందుకుంటారు. అందుకే ఆమె పాతదాన్ని బీరువా మీది నుంచి దించి, తుడిచి, కొత్త తీగలు వేసి సిద్ధం చేసుకుంది. వెంట ఉంటే చాలు. ఇది మొండికేస్తే అది చేతికి తీసుకోవచ్చు. అందరి సామానుకూ రెండోది మోసే మనిషికి, తనకోసం ఒక రెండోది మోసుకోవాలన్న ఆలోచన రావడానికే ఇంతకాలం పట్టింది.

ఆళ్ళగడ్డలో రిసెప్షన్ రోజు రెండు గిటార్లూ డిక్కీలో పెట్టింది. సౌండు బాక్సులూ పాడేవాళ్ళూ వ్యానులో ముందే వెళ్ళిపోయారు. కారు కదలబోతుండగా గౌరమ్మ బియ్యం మూట మోయించుకుని వచ్చింది. ఆళ్ళగడ్డలో ఉన్న కూతురు అమృతకు కొత్త సోనా బియ్యం.

“చోటు లేదుమా,” అన్నాడు గిరీశ్ డిక్కీలోకి తొంగిచూసి.

“లేక యాడికి పోతాది? రెండు పెట్టెలుండాయే గిటార్లవి. ఒకటి వాయించేకి, ఇంకోటి చూసేకా?” అంది గౌరమ్మ.

ప్యాడ్స్ వాయించే వెంకటేష్ నేల చూపులు చూస్తూ నవ్వాడు. గిరీశ్ తియ్యమనలేదు, ఉంచమనలేదు, టైము చూసుకున్నాడంతే. ముగ్గురూ ఆమె వైపు చూశారు. ఎవరూ చెయ్యి వెయ్యలేదు. నాగజ్యోతే వంగి, పాత గిటారు పెట్టెను తన చేతులతో తనే బయటికి తీసి, ఇంట్లో మంచం మీద పెట్టి వచ్చింది. అంతటితో ఊరుకున్నా బాగుండేది. “పర్లేదులే అత్తా, రోజూ తెగుతాయా ఏంది,” అని ఒక మాట కూడా పైన అతికించింది.

ఆ రోజే తెగింది. రెండో పాటలో, పల్లవికీ చరణానికీ మధ్య గిటారు ఒక్కటే పలకాల్సిన చోట, అన్నిటికంటే సన్న తీగ టప్పుమని తెగి చేతి మీద కొట్టింది. మిగతా తీగలు అపశ్రుతి పలికాయి. నాగజ్యోతి గభాలున పక్కకు చూసింది. పక్కన ఏమీ లేదు. గిరీశ్ కీబోర్డు మీద ఏదో అల్లి చరణం దాకా ఈడ్చుకొచ్చి, పాట ఎలాగో ముగించాడు. ఆమె పట్టుచీర కుచ్చిళ్ళు కాళ్ళ కింద అదిమిపెట్టి, స్టేజీ మీదే మోకాళ్ళ మీద కూర్చుని తీగ మార్చడం మొదలుపెట్టింది. వీడియో అబ్బాయికి అంతకంటే మంచి దృశ్యం ఏం దొరుకుతుంది? స్టేజీ పక్కన కట్టిన పెద్ద ఎల్‌ఈడీ తెర మీద పెళ్ళికూతుర్ని తీసేసి ఆమెను పెట్టాడు.

గిరీశ్ మైకు అందుకున్నాడు. “రెండు నిమిషాలు ఓపిక పట్టండి. మా ఇంటామె గిటారు అలిగింది. దీనికి తోడు ఇంకోటి కావాలని పొద్దున్నుంచీ ఒకటే గొడవ. ఏమండీ పెద్దమనుషులూ, గిటారుకు మాత్రం చిన్నిల్లు కావాలంట, నాకు మాత్రం ఒక్క ఇల్లే అంట! ఇదేం న్యాయమండీ?”

హాలు హాలంతా విరగబడి నవ్వింది. నాగజ్యోతి తలెత్తింది. పక్కన తెర మీద మనిషి ఎత్తుకు రెండింతలు ఎత్తున తనే. మోకాళ్ళ మీద ఉంది. తీగ కొస పళ్ళ మధ్య పట్టుకుని ఉంది. నవ్వుతోంది.

భోజనాల దగ్గర ఆడబిడ్డ అమృత ఆమె భుజం మీద చెయ్యేసింది. “ఇంకొకతె అయ్యుంటే మొగం మాడ్చుకోని కూర్చునేది జ్యోతీ. భలే నవ్వినావ్. మా తమ్ముడు పెట్టి పుట్టినాడు.” నాగజ్యోతి దానికీ నవ్వింది. విస్తట్లో అన్నం చల్లారిపోయింది.

మర్నాడు పొద్దున ఉగ్గాని వడ్డిస్తూ, గిరీశ్‌తో మెల్లిగా అంది. “నిన్న అందరి ముందర అట్ల అంటిరే.”

“ఏందీ?”

“అదే. చిన్నిల్లని.”

ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. మొహం చూస్తే తెలుస్తోంది. “నువ్వూ నవ్వినావ్ గదా?” అన్నాడు.

నవ్విన మాట నిజం. ఊరంతా చూసిన నిజం. మధ్యాహ్నానికి అమృత ఆ వీడియో ముక్కను ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. గౌరమ్మ హాల్లో కూర్చుని, ఫోను సౌండు పెంచి, వచ్చినవాళ్ళకల్లా వేసి చూపించింది. గిన్నెలు తోముతున్న నాగజ్యోతికి గిరీశ్ జోకూ, దాని వెంటే జనం నవ్వూ హాల్లోంచి మళ్ళీ మళ్ళీ వినిపించాయి. తెర మీది ఆ నవ్వు మొహం ఇంకెవరిదో అయ్యుంటే బాగుండనిపించింది.

అందరూ కునుకు తీస్తున్నప్పుడు, వంటింటి గట్టు మీద ఫోను ఆనించి, సౌండు తీసేసి, తనూ చూసింది. ఒకసారి చూసి కట్టేద్దామనుకుంది. కానీ ఏదో తేడాగా తోచింది. ఈసారి సౌండు సన్నగా పెట్టి మళ్ళీ వేసింది. గిరీశ్ “ఏమండీ పెద్దమనుషులూ” అంటున్నాడు. చిన్నిల్లనే మాట ఇంకా రాలేదు. ఫంక్షన్ హాల్లో ఒక్కరు కూడా ఇంకా నవ్వలేదు. తెర మీద ఆమె మాత్రం అప్పటికే నవ్వుతోంది.

నాగజ్యోతి చెవులు వేడెక్కాయి. జోకు అర్థమై నవ్వలేదు, జోకు బాగుందని నవ్వలేదు, అసలు జోకు విననే లేదు. ఆయన గొంతు ఆ రకంగా సాగిందంటే తన మీద ఏదో వస్తోందని ఒంటికి తెలిసిపోయింది, నోరు తనంతట తనే తెరుచుకుంది. ఎప్పటి నుంచి ఇలా? పెళ్ళయిన కొత్తలో, పప్పులో ఉప్పు తప్ప అన్నీ పడినాయని మామ చుట్టాల ముందు అన్నప్పుడు నవ్వింది. కొట్లో కూర్చుని లెక్కంతా తనే చెప్తుంటే, సరుకు తెచ్చిన మనిషి “సారు లేరా మేడం, తెలిసినవాళ్ళతో మాట్లాడదామని” అన్నప్పుడు నవ్వింది. స్టేజీ దిగుతుంటే ఎవరో పెద్దాయన “మొగుడు వాయించమన్నట్టల్లా వాయిస్తాదే” అంటే దానికీ నవ్వింది. వాళ్ళు అన్నందుకు కోపం రావాలి కదా, వచ్చింది కూడా, కానీ అంతకంటే ముందు సిగ్గొచ్చింది. పెట్టెను డిక్కీలోంచి తీసింది తన చేతులే. నవ్వింది తన నోరే. వాళ్ళకు పెద్దగా పని పెట్టకుండా అన్నీ తనే చేసి పెడుతూ వచ్చింది. ఆమె గిన్నెల దగ్గరికి తిరిగి వెళ్ళి, ఇందాక తోమిన గిన్నెనే మళ్ళీ తోమింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరైనా అడిగితే ఉల్లిపాయలని చెప్పేది, ఎవరూ అడగలేదు.

తర్వాతి ఫంక్షన్ నంద్యాలలోనే. ఆ రోజు నాగజ్యోతి డిక్కీలో అన్నిటికంటే ముందు పాత గిటారు పెట్టింది. దాని మీద బరువు పడకుండా, చుట్టూ మిగతావి సర్దింది. ఆయన చొక్కాల సంచికి చోటు మిగల్లేదు.

గిరీశ్ వచ్చి చూశాడు. “మళ్ళా అదేందీ?”

“నా రెండో గిటారు.”

“మొన్న తెగిందని ఈపొద్దు కూడా తెగుతాదా?”

“తెగొచ్చు, తెగకపోవచ్చు.”

“వాని చొక్కా యాడ పెడ్తావ్?” అంది గౌరమ్మ గడప మీంచి.

“ఒళ్ళో పెట్టుకోమనండత్తా.”

అన్నదే గానీ, దారంతా ఎవరి సొత్తో ఎత్తుకొచ్చినట్టు ముడుచుకుని కూర్చుంది. ‘పోనీలెండి, ఇంటి దగ్గర దించేసి వద్దాం’ అన్న మాట రెండుసార్లు నోటిదాకా వచ్చింది. గిరీశ్ చొక్కాల సంచి ముందు సీట్లో వెంకటేష్ ఒళ్ళో హాయిగా ప్రయాణం చేసింది. ఆకాశం ఏమీ విరిగి పడలేదు.

స్టేజీ మీద పాత గిటారును శ్రుతి చేసి, పక్కన స్టాండుకు ఆనించి, చెయ్యి చాస్తే అందేట్టు పెట్టుకుంది. పాటలు మొదలయ్యాయి. ఒకటి, రెండు, మూడు. గిటారు వంతు వచ్చినప్పుడల్లా ఆమె దాని మీదికి వంగి గట్టిగా మీటింది, తీగలను లాగింది, ఎత్తు స్వరం మీద నిలబెట్టి కంపించేట్టు చేసింది. పాట పాడే అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది.

“ఏమక్కా, ఈపొద్దు చెయ్యి ఇంత గట్టిగా పడ్తాంది?” అన్నాడు వెంకటేష్ పాట ఆగినప్పుడు. “ఎప్పుడూ ఊదినట్టు వాయిస్తావు గదా.”

ఏమో, అనబోయి ఆగిపోయింది. ఏమో కాదు, తెలుసు. ఇన్నాళ్ళూ సన్న తీగను ముట్టుకోవడానికే భయం. తెగితే ఇంకోటి లేదు. తెగితే అందరూ చూస్తారు. ఆ భయంతో మెత్తగా, పైపైన వాయిస్తే, “ఆడచెయ్యి కదా, ఎంత నాజూగ్గా ఉందో” అని జనం మెచ్చుకున్నారు. తన చెయ్యే అంత కాబోలని తనూ నమ్మింది. ఆ సంగతి ఇప్పుడు, ఇంత ఆలస్యంగా, ఇంతమంది మధ్య తెలియడం ఆమెకు కొత్త సిగ్గయింది.

చివరి పాటల ముందు గిరీశ్ మైకు పట్టుకున్నాడు. గొంతు సాగింది. “చూడండి సార్, పట్టు పట్టి తెచ్చేసింది మా ఇంటామె, గిటారుకు చిన్నిల్లు! పాపం, వచ్చినప్పటి నుంచీ దాన్ని ముట్టుకోనే లేదు. అట్లనే ఒంటికాలి మీద నిలబడింది!”

కెమెరా ఆమె మీదికి తిరిగింది. తెర నిండా ఆమె మొహం. పెదవులు అలవాటు కొద్దీ విచ్చుకోబోతున్నాయి. ఆమెకు తెలిసింది. పళ్ళు బిగపట్టింది. ముందు వరుసలో కొందరు నవ్వబోయి, తెర వైపు చూసి, ఎవరి మీద జోకో ఆమే నవ్వకుండా ఉంటే ఏం చెయ్యాలో తెలియక ఆగిపోయారు. గిరీశ్ ఒక్కడే మైకులోకి నవ్వాడు. ఆ నవ్వు స్పీకర్లలోంచి హాలంతా తిరిగి ఒంటరిగా వెనక్కి వచ్చింది.

అప్పుడు ఆయన గభాలున పక్కకు చూశాడు. ఆమె వైపు. మాట పేలనప్పుడల్లా ఇలాగే చూసేవాడు కాబోలు, ఇన్నేళ్ళూ చూసిన ప్రతిసారీ ఇక్కడ ఒక నవ్వు తయారుగా ఉండేది. నవ్వుతూ తల వంచుకునేది కాబట్టి ఆ చూపు ఆమె ఏనాడూ చూడలేదు. ఇప్పుడు చూసింది. జాలేసింది, ఆయన తరఫున సిగ్గేసింది. అయినా నవ్వలేదు.

గిరీశ్ మైకును అరచేత్తో మూసి దగ్గరికొచ్చాడు. “నవ్వవే. కెమెరా నీ మీదే ఉంది.”

“నాకు నవ్వు రాలేదండీ,” అంది నాగజ్యోతి. “తర్వాతి పాట చెప్పండి.”