ఇందు ఎత్తు బెల్లం

మందు వేసుకుంటే సమ్మక్క తల్లి మీద నమ్మకం లేనట్టేనా? ఈ సందేహం నన్ను నాలుగేళ్లు వదల్లేదు.

నా బిడ్డ ఇందు తొర్రూరులోని అత్తగారింటి నుంచి తిరిగొచ్చినప్పుడు ముప్పై ఎనిమిది కిలోలుంది. అల్లుడు కొట్టిన దెబ్బలు మానాయి గానీ నిద్ర రాలేదు. బొట్టు పెడదామని నేను చెయ్యెత్తినా తల దాచుకునేది. "అమ్మా సమ్మక్కా, నా బిడ్డ కంటినిండా నిద్రపోవాలె. దాని ఎత్తు బంగారం ఇచ్చుకుంట" అని మొక్కాను. మేడారంలో బంగారమంటే బెల్లమే.

హన్మకొండలో దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు మాత్రలు రాశాడు. కౌన్సెలింగ్ చేసే పద్మలత మేడం వారం వారం ఇందుతో మాట్లాడేది. ఆరు నెలలకు బిడ్డ నిద్రపోయింది. తల్లే బాగుచేసింది కదా, ఇంకా మాత్రలెందుకని నేనే మాన్పించాను. పదిరోజులు తిరక్కుండానే ఇందు మళ్లీ గడియ పెట్టుకొని తెల్లారేదాకా మేలుకొని కూర్చుంది. మేడం ముందు తలెత్తలేకపోయాను.

మాత్రలు మళ్లీ మొదలయ్యాయి. అవి మానిన రోజే మొక్కు తీరుస్తానంటూ రెండేళ్లకోసారి వచ్చే జాతరను ఒకసారి దాటించాను.

ఈసారి జాతర దగ్గరపడుతుంటే ఇందే అడిగింది.

"బాపూ, నువ్వేమని మొక్కినవ్? నేను మందులు మానాల్నన్నవా, నిద్రపోవాల్నన్నవా?"

"నిద్రపోవాల్ననే బిడ్డా."

"మరి నిద్రపోతలేనా? పొద్దుగాల నువ్వు గంట కొట్టి పూజ చేసినా లేస్తలేను గద. తల్లిని ఇంకెన్ని దినాలు ఆగమంటవ్?"

మరునాడే ఇందును తీసుకొని బెల్లం కొనడానికి పోయాను.

దుకాణదారు గట్టయ్య, కాంటా ఎక్కించడానికి ఇందు చెయ్యి పట్టుకోబోయాడు.

"ముట్టుకోకు కాకా, నేనే ఎక్కుత" అంది ఇందు, నెమ్మదిగానే. గట్టయ్య వెనక్కి జరిగాడు.

యాభై నాలుగు కిలోలు.

"మొక్కినప్పుడు ముప్పై ఎనిమిదే ఉండె" గొణిగాను. "మీద పెరిగింది గూడ తల్లికేనా?"

"ఏంది బాపూ, సమ్మక్కతోటి గూడ బేరమాడుతవా?" ఇందు నవ్వితే కాంటా ఊగింది.

మొత్తం తూచమన్నాను.

జనం తక్కువుంటారని జాతరకు వారం ముందే బయల్దేరాం. "బొట్టు పెట్టనా బిడ్డా?" అనడిగితే తనే నుదురు ముందుకు వంచింది. మేడారంలో దిగగానే "మాత్రేసుకున్నవా?" అని నేనే గుర్తుచేశాను.

ఇద్దరం కలిసి ఆ బెల్లమంతా తల్లి గద్దె దగ్గర దించాం. ఆలస్యానికి చెంపలు వేసుకున్నాను. మొక్కు తీరింది.